తెలుగు పెళ్ళిని జరిగింది జరిగినట్టు ఫోటో తీయడం ఎలా: శుభలేఖ నుంచి ఆల్బమ్ దాకా

పోజులు పెట్టించకుండా, "ఇటు చూడండి" అనకుండా పెళ్ళిని తీయాలంటే ఖరీదైన లెన్సు కన్నా ముందు పెళ్ళి తంతు వరస కంఠతా రావాలి. తర్వాత ఏం జరగబోతోందో తెలిసినవాడు ఆ చోట ముందే కూర్చుని ఉంటాడు. తెలియనివాడు నలుగురి భుజాల మీదుగా కెమెరా పైకెత్తి, దొరికింది తీసుకుంటాడు. తెరసెల్ల (వధూవరుల మధ్య అడ్డంగా పట్టే గుడ్డ) దిగిన క్షణం మళ్ళీ రాదు. "పంతులుగారూ, ఇంకొక్కసారి" అని అడిగి చేయించిన జీలకర్ర-బెల్లం ఫోటో, ఎంత బాగా వచ్చినా, చేయించిందేనని చూడగానే తెలిసిపోతుంది. కింద చెప్పేదంతా తెలుగు హిందూ పెళ్ళి గురించి. కులాన్ని బట్టి, ప్రాంతాన్ని బట్టి వరసలో తేడాలుంటాయి కాబట్టి ప్రతి పెళ్ళికీ ముందు అడిగి తెలుసుకోవాల్సిందే.

శుభలేఖ చదవడం

ఒప్పందం కుదరగానే శుభలేఖ తెప్పించుకోండి. పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. అందుకే "14వ తేదీ శనివారం రాత్రి 2-14 గంటలకు (తెల్లవారితే ఆదివారం)" అని అచ్చయి ఉంటే, ఫోన్ క్యాలెండర్ ప్రకారం అది 15వ తేదీ వేకువ 2 గంటల 14 నిమిషాలు. క్యాలెండర్‌లో తప్పు రోజు మీద గుర్తు పెట్టుకున్నారో, ముహూర్తం అయిపోయాక హాలుకు చేరతారు. ఫోన్ చేసి "ఏ రోజు సాయంత్రం బయల్దేరి రావాలి?" అని అడగడం నయం.

రెండో సంగతి: శుభలేఖలో ఉన్న సమయం జీలకర్ర-బెల్లానిది, తాళి కట్టే సమయం కాదు. మాంగల్యధారణ ఆ తర్వాత ఎప్పుడో వస్తుంది. అరగంట పట్టొచ్చు, గంటా పట్టొచ్చు. ఆ విరామంలో వధూవరులు మధుపర్కాలు కట్టుకోవడానికి లేచే ఆచారం ఉంటే మీరూ బ్యాటరీలు, కార్డులు అప్పుడే మార్చుకోవాలి.

తర్వాత పెళ్ళికూతురితో, పెళ్ళికొడుకుతో విడివిడిగా అరగంట మాట్లాడండి. ఇద్దరినీ కలిపి అడిగితే ఇంటి గుట్టు బయటికి రాదు. అడగాల్సినవి ఇవి: పెళ్ళికూతురిని కూర్చోబెట్టిన గంప మోసే మేనమామలు ఎవరు, కాళ్ళు కడిగి కన్యాదానం చేసేది ఎవరు, ఈ మధ్య ఇంట్లో పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా, ఒకరితో ఒకరు మాట్లాడుకోనివాళ్ళు ఎవరు, పెళ్ళికూతురికి చిన్నప్పటి నుంచి చనువున్న మనిషి ఎవరు. చివరి ప్రశ్నే అన్నిటికన్నా పనికొస్తుంది. ఆ అమ్మమ్మో, పిన్నో, పనిచేసే ఆవిడో మండపానికి ఏ మూల కూర్చుందో తెలిస్తే తాళి కట్టేటప్పుడు మీ రెండో కెమెరా ఎటు తిరగాలో తేలిపోతుంది.

ఒప్పందంలో ముందే తేల్చుకోవాల్సినవి

మన పెళ్ళిళ్ళలో మామూలుగా ఇద్దరు సంప్రదాయ ఫోటో-వీడియో వాళ్ళు, ఒక క్యాండిడ్ (పోజులు పెట్టించకుండా తీసే) ఫోటోగ్రాఫర్, ఒక సినిమాటోగ్రాఫర్ ఉంటారు. ఒక్కోసారి డ్రోన్, ఎల్‌ఈడీ తెరకు లైవ్ ఇచ్చే బృందం కూడా. వేదిక మీద మనిషి పట్టని పరిస్థితి. వరస ఫోటోలు (బంధువులను వరసగా నిలబెట్టి తీసేవి), చదివింపుల ఫోటోలు, రిసెప్షన్‌లో స్టేజీ ఎక్కే ప్రతి కుటుంబం ఫోటో సంప్రదాయ బృందం పని అని కాగితం మీద రాసుకోండి. ఈ పని చిన్నదని కాదు. పదేళ్ళ తర్వాత ఇంట్లో ఎక్కువగా వెతుక్కునేది ఆ ఫోటోలనే. రెండు పనులూ ఒకే మనిషి చేస్తే రెండూ చెడతాయి, అంతే. ఒక్క ఫోటోగ్రాఫర్‌నే పెట్టుకునే బడ్జెట్ అయితే "మండపం మీద జరిగేదంతా నా పద్ధతిలో తీస్తాను, భోజనాల తర్వాత ఒక గంట వరస ఫోటోలు తీస్తాను" అని స్పష్టంగా చెప్పండి.

సామాను

రెండు కెమెరా బాడీలు, రెండింటికీ రెండేసి కార్డు స్లాట్లు. ఒకదానికి 35 ఎంఎం లెన్సు (చుట్టుపక్కలతో సహా విశాలంగా చూపేది), రెండోదానికి 85 ఎంఎం (దూరపు ముఖాన్ని దగ్గరగా చూపేది). జూమ్ అలవాటున్నవాళ్ళు 24-70, 70-200 ఎఫ్/2.8 తెచ్చుకోవచ్చు. పొడవాటి లెన్సుతో దూరం నుంచి నవ్వుతున్న ముఖాన్ని తీసి, వెనకంతా కరిగించేస్తే క్యాండిడ్ అయిపోతుందన్న భ్రమ మన దగ్గర బలంగా ఉంది. అలా తీసిన ఫోటో చూస్తే ఆమె ఎవరిని చూసి నవ్విందో తెలియదు, అది ఏ ఇల్లో ఏ ఊరో తెలియదు. సగానికి పైగా ఫోటోలు 35 ఎంఎంతో, నాలుగైదు అడుగుల దూరం నుంచి రావాలి. అంత దగ్గరగా ఉంటే మొదటి గంట అందరూ మిమ్మల్ని చూస్తారు, తర్వాత మరచిపోతారు. అందుకే నలుగు పెట్టేవేళ నుంచే వెళ్ళాలి. నేరుగా ముహూర్తానికి వస్తే ఆ అలవాటు పడే సమయం దొరకదు.

24 మెగాపిక్సెళ్ళ కెమెరాలో కుదించిన రా ఫైలు (కెమెరా దిద్దకుండా దాచే అసలు ఫైలు) 25 నుంచి 30 ఎంబీ దాకా ఉంటుంది. ఒక రాత్రికి 4,000 ఫోటోలు తీస్తే 100 నుంచి 120 జీబీ. రెండు బాడీలకు కలిపి 128 జీబీ కార్డులు నాలుగు, పైన ఇంకో రెండు. ప్రతి ఫోటో రెండు స్లాట్లలోనూ పడేలా పెట్టండి. వేగం కోసం దీన్ని ఆపేయకండి. బాడీకి మూడు బ్యాటరీలు. మెత్తని బట్టలు నాలుగు, ఎందుకంటే పసుపు, నూనె, అక్షింతలు, గులాలు అన్నీ లెన్సు మీదకే వస్తాయి. ముందు ఒక మామూలు రక్షణ ఫిల్టర్ ఉంటే తుడుచుకోవడానికి భయముండదు.

బట్టల సంగతి కూడా. సినిమా యూనిట్‌లా నల్ల చొక్కాలు వేసుకుని ముహూర్తంలో పెద్దల కళ్ళబడకండి. శుభకార్యంలో నలుపు చాలా ఇళ్ళలో గిట్టదు. గోధుమ రంగో, లేత బూడిద రంగో మంచిది. మండపం మీద చెప్పులుండవు కాబట్టి విప్పడం తేలికైనవి వేసుకోండి.

హాల్లో వెలుతురుతో పోట్లాట

ఫంక్షన్ హాలుకు ముహూర్తానికి కనీసం మూడు గంటల ముందు చేరి, దీపాలన్నీ వేయించి పరీక్ష ఫోటోలు తీయండి. మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. చాలా దీపాలు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. కంటికి కనిపించదు, కెమెరాకు కనిపిస్తుంది. చప్పుడు లేకుండా తీయాలని ఎలక్ట్రానిక్ షట్టర్ పెట్టుకుంటే ఫోటోకు అడ్డంగా నల్ల చారలు పడతాయి. ఎల్‌ఈడీ తెర వెనకాల ఉంటే మరీ ఘోరం. మెకానికల్ షట్టర్ వాడండి, కెమెరాలో ఫ్లికర్ తగ్గించే సదుపాయం ఉంటే వేయండి. షట్టర్ వేగం 1/100 సెకను దగ్గర చారలు సాధారణంగా పోతాయి. 1/250, 1/500 దగ్గర పరీక్షించి ఏ దీపం అల్లరి చేస్తోందో కనిపెట్టండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు పెళ్ళి తీసేవాళ్ళకు లెక్క మారుతుంది. అక్కడ కరెంటు 60 హెర్ట్జ్, కాబట్టి 1/60, 1/125 దగ్గర మొదలుపెట్టాలి.

అసలు శత్రువు డెకరేషన్ వాళ్ళు పెట్టే పార్ లైట్లు, అంటే రంగు ఫోకస్ దీపాలు. ఊదా, గులాబీ వెలుగు ముఖం మీద పడితే రా ఫైలు ఉన్నా చర్మం రంగు తిరిగి రాదు, ఎందుకంటే ఆ దీపంలో మిగతా రంగులే లేవు. డెకరేటర్‌ను పట్టుకుని "ముహూర్తం నుంచి తలంబ్రాలయ్యేదాకా మండపం మీది రంగు లైట్లు ఆపేయండి, వెనక గోడ మీద ఉంటే ఉండనీయండి" అని అడగండి. పెళ్ళికూతురి తండ్రి చేత చెప్పిస్తే ఇంకా త్వరగా పనవుతుంది. వీడియో వాళ్ళ లైటు ఎదురుగా నెత్తి మీద పెడితే ముఖాలు అప్పడంలా చదునుగా వస్తాయి. దాన్ని ఒక పక్కకు, 45 డిగ్రీల కోణానికి జరపమని అడగండి. వాళ్ళ వీడియోకూ అదే బాగుంటుంది కాబట్టి ఒప్పుకుంటారు.

మొదలుపెట్టడానికి ఈ అంకెలు చాలు: షట్టర్, ఎపర్చర్ (లెన్సు ఎంత తెరుచుకోవాలో చెప్పే ఎఫ్ అంకె) చేత్తో పెట్టి, ఐఎస్ఓ (వెలుగుకు సెన్సర్ సున్నితత్వం) ఆటో. ఎఫ్/2.8, 1/250, ఐఎస్ఓ హద్దు 6400. ఇద్దరి ముఖాలూ స్పష్టంగా కావాలంటే ఎఫ్/4. వైట్ బ్యాలెన్స్ (దీపం రంగును బట్టి ఫోటో రంగులు సరిచేసేది) ఆటోలో వద్దు, పసుపు చీరను చూసి అది నీలం వైపు జారుతుంది. హాల్లో 4000 నుంచి 4500 కెల్విన్, పగటి వెలుగులో 5200 పెట్టి వదిలేయండి. తెల్లని మధుపర్కాలు, జరీ తెల్లగా కాలిపోకుండా ఎక్స్‌పోజర్ 0.3 నుంచి 0.7 స్టాపు దాకా తగ్గించండి.

పంతులుగారితో ఐదు నిమిషాలు

దీన్ని దాటేసేవాళ్ళే ఎక్కువ. ఆంధ్రలో పంతులుగారనో, తెలంగాణలో అయ్యగారనో పిలిచి, నమస్కారం పెట్టి, నాలుగు విషయాలు అడగండి: వధూవరులు ఏ దిక్కుకు కూర్చుంటారు, తెరసెల్ల ఎటు నుంచి ఎటు పడతారు, మీరు ఎటు కూర్చుంటారు, తాళి ముందు నుంచి కట్టిస్తారా వెనక నుంచా. "నేను హోమగుండానికీ దంపతులకూ మధ్యకు రాను, మీకు అడ్డం పడను" అని మాటివ్వండి, నిలబెట్టుకోండి. ఆయన మీ వైపు ఉంటే వేదిక మీద గుంపును ఆయనే కూర్చోబెడతారు.

తంతు వెంట

నలుగు, మంగళస్నానం: పొద్దున్నే ఇంట్లో. ట్యూబులైటు ఆపించి కిటికీ వెలుగు ఒక్కదాన్నే నమ్ముకోండి. పసుపు నీళ్ళు పోసేటప్పుడు 1/500 ఉండాలి. ఐదుగురు ముత్తైదువలు వరసగా వస్తారు. మొదటి ఇద్దరినీ ఎదురుగా తీసి, మిగతా వాళ్ళ దగ్గర పెళ్ళికూతురి వెనక్కి వెళ్ళండి. పోసేవాళ్ళ ముఖాలే అప్పుడు ఫోటో.

వేసవి ముహూర్తాల్లో, ముఖ్యంగా కోస్తాలో, ఒక ఇబ్బంది ఉంది. విడిది గదిలో ఏసీ, బయట ఉక్క. చల్లబడిన లెన్సు బయటికి తేగానే ఆవిరి పట్టి పది నిమిషాలు పొగమంచులో ఉన్నట్టుంటుంది. ఎదురుకోలుకు ఇరవై నిమిషాల ముందే ఒక కెమెరాను బయటి వరండాలో ఉంచండి. తెలంగాణ ఎదురుకోళ్ళలో గులాలు చల్లుకునే చోట లెన్సు విప్పి మార్చకండి. సెన్సర్ మీద ఆ పొడి పడితే మిగతా పెళ్ళంతా మచ్చలే.

స్నాతకం, కాశీయాత్ర పొట్టివి, నవ్వులున్నవి. గొడుగు పట్టి బయల్దేరిన పెళ్ళికొడుకు కన్నా బతిమాలి వెనక్కి తెచ్చే బావమరిది మీద కన్నుంచండి.

గౌరీపూజ: పెళ్ళి మొత్తంలో పెళ్ళికూతురు కాసేపైనా తనలో తాను ఉండేది ఇక్కడే. లోపల ఒక్క ఫోటోగ్రాఫర్ చాలు, ఫ్లాష్ వద్దు. 85 ఎంఎంతో గది మూలన నేల మీద కూర్చోండి. ఎవరైనా "అమ్మా, కెమెరా వంక చూడు" అంటే కెమెరా దించేయండి. రెండుసార్లు దించితే చెప్పడం మానేస్తారు.

గంప: మేనమామలు పెళ్ళికూతురిని గంపలో కూర్చోబెట్టి తెచ్చే ఇళ్ళలో, దారి ముందే నడిచి చూసుకోండి. మీరు వెనక్కి నడుస్తూ తీయాలి కాబట్టి మెట్టు, వైరు, తివాచీ అంచు ఎక్కడున్నాయో కాళ్ళకు తెలిసి ఉండాలి. సహాయకుడు మీ నడుం మీద చేయి వేసి నడిపిస్తాడు. 35 ఎంఎం, 1/250. బరువు మోస్తున్న మేనమామల మెడనరాలు, పైన తలవంచుకున్న అమ్మాయి ఒకే ఫ్రేములో రావాలి.

జీలకర్ర-బెల్లం: చాలామంది పెళ్ళికొడుకు వెనకో, పెళ్ళికూతురి వెనకో నిలబడతారు. అక్కడి నుంచి ఒక్కరే కనిపిస్తారు. మీ చోటు తెరసెల్ల అంచుకు సూటిగా, పక్కన, కింద కూర్చుని. గుడ్డ అంచు మీకు ఒక గీతలా కనిపించాలి, ఇటు ఒక ముఖం, అటు ఒక ముఖం. ముహూర్తానికి పావుగంట ముందే కూర్చోండి, లేవకండి. గట్టిమేళం మోగగానే చేతులు తలల మీదకు వెళతాయి. వెంటనే కాకుండా, తెర దిగి కళ్ళు కలిసే ఆ రెండు మూడు సెకన్లకు బటన్ నొక్కి పట్టండి. అక్షింతలు పడతాయి, ఫోకస్ వాటి మీదకు దూకుతుంది. ఆటోఫోకస్ ట్రాకింగ్‌ను "అడ్డం వచ్చినా వదలకు" అన్న వైపు పెట్టుకోవడం దీనికోసమే. తర్వాత ఒక్కసారి తల వెనక్కి తిప్పండి. జనమంతా లేచి చేయి పైకెత్తి ఉంటారు, ఆ ఫోటో చాలా ఆల్బముల్లో ఉండదు.

కన్యాదానంలో కాళ్ళు కడిగే చేతుల ఫోటో అందరూ తీస్తారు. కడిగిన తర్వాత తండ్రి తల ఎత్తే క్షణం కోసం ఆగండి.

మాంగల్యం: కట్టేముందు మంగళసూత్రాన్ని పళ్ళెంలో పెట్టి పెద్దల దగ్గరికి తిప్పుతారు. ఆ పళ్ళెం వెంట వెళ్ళండి. ముసలివాళ్ళు కళ్ళకద్దుకోవడం, వేళ్ళు, కళ్ళజోళ్ళు అన్నీ దొరుకుతాయి. కానీ అది మండపానికి తిరిగి రాకముందే మీ చోటుకు చేరాలి, ఆలస్యమైతే కెమెరాల గోడ కట్టేసి ఉంటుంది. ఎదురు చోటు సంప్రదాయ బృందానికి వదిలేయండి. మీరు పక్కకు 45 డిగ్రీల్లో, 85 ఎంఎంతో, జడ ఎత్తి పట్టుకునే ఆడపడుచుకు అవతలి వైపు. మూడు ముళ్ళూ అర నిమిషంలో అయిపోవచ్చు. మొదటి ముడికి పెళ్ళికూతురి ముఖం, రెండో ముడికి చేతులు, మూడో ముడికి కెమెరా తల్లి వైపు. ఈ లెక్క ముందే మనసులో లేకపోతే మూడింటికీ చేతులే తీసుకుని వస్తారు.

తలంబ్రాలు: మంత్రంతో పోసే మొదటి వాయిలు నెమ్మదిగా ఉంటాయి, ఆ తర్వాత పోటీ మొదలవుతుంది. షట్టర్ 1/640కు తగ్గకూడదు, ఐఎస్ఓ 6400 దాటినా పర్వాలేదు. బియ్యపు గింజ కనిపించాలంటే వెనక చీకటిగా ఉండాలి. పూల గోడ ముందు ముత్యాలు, థర్మకోల్ గుండ్లు కలిసిపోతాయి. వేదిక వెనక మూలన ఒక ఫ్లాష్‌ను 1/16 శక్తితో దంపతుల వైపు తిప్పి పెడితే ప్రతి గింజా మెరుస్తుంది. ఫ్లాష్ వాడితే మాత్రం షట్టర్‌ను కెమెరా సింక్ వేగానికి (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ వేగానికి), అంటే చాలావాటిలో 1/200 లేదా 1/250కి దించాలి, లేదా అంతకన్నా వేగంలోనూ ఫ్లాష్ పనిచేయించే హై స్పీడ్ సింక్ వేయాలి. రెండోది ఎంచుకుంటే ఫ్లాష్ బలం బాగా తగ్గుతుంది, 1/16 చాలదు.

హోమం దగ్గర ఫ్లాష్ పూర్తిగా ఆపండి, అగ్ని వెలుగు చచ్చిపోతుంది. పొగకు ఎదురుగా దీపం ఉండేటట్టు నిలబడితే పొగే అందం. అదే దీపం మీ వీపు వెనక ఉంటే పొగ తెల్లని ముసుగై, ఫోకస్ అటూ ఇటూ వెతుక్కుంటుంది. విదేశాల్లో హోటల్ హాళ్ళలో అగ్నిమాపక నిబంధనల వల్ల మంట చిన్నదిగా, కాసేపే ఉంటుంది. లాజహోమం, సన్నికల్లు, మెట్టెలు త్వరత్వరగా అయిపోతాయని ముందే అనుకోండి.

బిందెలో ఉంగరం తీసే ఆటకు పై నుంచి 24 ఎంఎం. నీళ్ళకన్నా చుట్టూ మూగిన పిల్లల తలలు బాగుంటాయి.

అప్పగింతలు: పాలలో ముంచిన పెళ్ళికూతురి చేతులు అత్తమామల చేతుల్లో పెడతారు. ఇక్కడ 35 ఎంఎం దించేసి 85తో ఏడెనిమిది అడుగులు వెనక్కి జరగండి. మెకానికల్ షట్టర్ టకటకలు వినిపిస్తాయి కాబట్టి వరసగా కాకుండా ఒక్కొక్కటే తీయండి. ఎవరైనా ముఖం తిప్పుకుంటే ఆ ఫోటో వదిలేయండి. కొన్ని ఇళ్ళలో వీడియో లైటు తెచ్చి ఏడుస్తున్న తల్లి ముఖం మీద పెడతారు. ఆపమని చెప్పగలిగిన చనువు ఈపాటికి మీకు ఉండాలి.

తెల్లారిన తర్వాత

ఇంటికి చేరగానే నిద్రకు ముందు కార్డులు రెండు వేరు వేరు హార్డ్ డిస్కుల్లోకి, చెక్‌సమ్ (కాపీ అసలుతో సరిపోయిందో చెప్పే అంకె) సరిచూసే సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించండి. మూడో ప్రతి ఇంకో చోట లేదా క్లౌడ్‌లో పడేదాకా కార్డులు ఫార్మాట్ చేయకూడదు. మర్నాడు ఇంకో పెళ్ళి ఉన్నా కొత్త కార్డులే.

4,000 ఫోటోల్లోంచి 400 నుంచి 600 మిగలాలి. మొదటి చూపులో కళ్ళు మూసినవి, ఫోకస్ పోయినవి తీసేయండి. రెండో చూపు రెండు రోజుల తర్వాత. ఒక్కో ఫోటో దగ్గర "ఇందులో ఎవరికి ఏమవుతోంది?" అని అడగండి, జవాబు లేకపోతే ఎంత అందంగా ఉన్నా పక్కన పెట్టండి. కాస్త కదిలినా జవాబున్న ఫోటోను ఉంచండి. దిద్దుబాటులో పసుపు నారింజ రంగుకు జారకుండా చూడండి. చర్మాన్ని తెల్లబరచమని అడుగుతారు. ఒప్పందంలోనే "రంగు మార్చము" అని ఒక వాక్యం ఉంటే ఆ వాదన తప్పుతుంది. ఫ్రేములో అడ్డం వచ్చిన మనిషిని చెరిపేయడం కూడా ఈ పద్ధతిలో కుదరదు. కావాలంటే ఆ ఫోటోనే మానేయండి. రంగు లైట్లు పాడుచేసిన కొన్నింటిని నలుపు-తెలుపు చేయవచ్చు. అన్నిటినీ చేస్తే పసుపు, కుంకుమ, మధుపర్కాల ఎర్రంచు పోతాయి.

ఆల్బమ్ 12×36 అంగుళాల కరిజ్మా (ఫోటోలు నేరుగా మందపాటి షీట్ల మీద అచ్చయ్యే ఆల్బమ్) అయితే ఒక షీటుకు ఒకటి నుంచి మూడు ఫోటోలు. వెనక పూల డిజైన్లు, మేఘాలు, ప్రేమ కవితలు వద్దని డిజైనర్‌కు ముందే రాతపూర్వకంగా చెప్పండి, చెప్పకపోతే అలవాటు కొద్దీ వేసేస్తారు. ఫైళ్ళు ఇచ్చేటప్పుడు తంతుల వారీగా ఫోల్డర్లు చేసి, ఇంటి పెద్దావిడ ఒకరిని పక్కన కూర్చోబెట్టుకుని ఫోటోల్లోని ముసలివాళ్ళ పేర్లు, వరసలు ఫైలు వివరాల్లో టైపు చేయండి: "పెళ్ళికూతురి తాతగారి అక్క, ఫలానా ఊరు" అని. గంటన్నర పని, అదీ పెళ్ళైన నెల లోపే చేయాలి.